మొదటి తట్ట

శివరాం పేడాల మిఠాయి డబ్బా పట్టుకుని తాముండే ఇరుకు గదుల చాల్ మెట్లెక్కుతుంటే, కింద నల్లా దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లకు సంగతి తెలిసిపోయింది. వీడికేదో పెద్ద పని ఠేకాకు దొరికింది. మామూలు మురుగు గటారు పనైతే వడాపావ్ పొట్లంతో సరిపెట్టేవాడు.

మే నెల ఆఖరు. వాన ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని బొంబాయి అంతా ఆకాశం కేసి చూసి చూసి విసిగిపోయి ఉంది. కామాటిపుర గల్లీల్లో గాలన్నది లేదు. పై అంతస్తు గదిలో తలుపు పక్కన బొగ్గుల సిగిడి పెట్టుకుని వాడి తల్లి రత్నాబాయి జొన్నరొట్టెలు చేస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన కూలీలకు ఆమె ఖానావళి నడుపుతుంది. పేరుకే ఖానావళి. ఉన్నది ఒక్క గది, తినేవాళ్లంతా బయట వసారాలో గోడ వెంబడి కూర్చుంటారు.

గదిలో ఓ మూలన వజ్రమ్మ కూర్చుని రొట్టె తుంచుకుని తింటోంది. రత్నాబాయి చనిపోయిన భర్తకు ఆమె చిన్నాయన కూతురు. నాగపూర్ అవతల చాందా దిక్కు పల్లెలో ఇచ్చారు, అక్కణ్నుంచి మొన్నీమధ్యే వచ్చింది. సర్కారు ఆఫీసులో ఏదో పని ఉందని శివరాంకు తెలుసు గానీ ఏ ఊరు, ఏం పని అని అడగలేదు. మేనత్తలు ఎందుకు వస్తారో అడిగే తీరిక ఆ వయసు మగవాళ్లకు ఉండదు.

"అమ్మా, నోరు తెరువు," అని శివరాం ఒక పేడా తల్లి నోట్లో పెట్టాడు. "చాందా దిక్కు పోతున్నం. పెద్ద కంపెనీ. బొగ్గు గని కొత్తది తెరుస్తున్నరు. మిషన్లు లోపటికి పోవాలంటే ముందుగాల రోడ్డు గావాలె గద, గా రోడ్డు మనమే ఎయ్యాలె. ఆడ వానలు జర ఆలస్యం, అవి పడేలోపు పూరా చెయ్యమన్నడు రోడ్డు ఠేకా పట్టిన సేటు. ఈడ వానలల్ల పని బందేనాయె. మనోళ్లు కొన్నొద్దులన్న ఖాళీగ కూసునేది తప్పుతది."

"ఏ ఊరు కొడుకా?" అని వజ్రమ్మ అడిగింది.

"ఇప్పలవాయి అట అత్తా."

వజ్రమ్మ నోటిదాకా తీసుకుపోయిన ముక్క మళ్లీ పళ్లెంలో పెట్టింది. రత్నాబాయి సిగిడి మీది నుంచి తలెత్తింది. ఆ ఊరి పేరు ఆమె వింటూనే ఉంది, వజ్రమ్మ వచ్చినప్పటి నుంచి వేరే మాటే లేదు.

"అది మా ఊరే," అంది వజ్రమ్మ.

శివరాం నవ్వాడు. "ఇంక మంచిదాయె. తిండికి ఫికర్ లేదు."

"ఉగాది కెల్లి మేం ఊరి ముంగట డేరా ఏసుకొని కూసున్నం కొడుకా. ఆ రోడ్డు పడొద్దనే కూసున్నం. మా దిక్కు ఒక్క మనిషి గూడ ఆ పనికి తట్ట ముడతలేడు. గందుకే మీ సేటు మనుషుల కోసం బొంబయి దాక వచ్చిండు."

శివరాం నవ్వు ఆగిపోయింది. డబ్బా మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. "నాకైతే పడావు జాగ అని చెప్పిండ్రు. ఎవలి పంటలు లేవన్నరు."

"చెప్పేటోడు ఏమన్న చెప్తడు."

"నేను జబాన్ ఇచ్చి వచ్చిన అత్తా. మంగళవారం లారీ వస్తది." ఆ మాట అత్తతో అన్నాడు గానీ చూసింది తల్లి వైపు. "అమ్మా, తట్ట ఎత్తేది నువ్వే."

రత్నాబాయి రొట్టె తిప్పడం మరిచిపోయింది. అది ఒక పక్క నల్లగా మాడింది.

తట్ట ఎత్తడమంటే ఏమిటో కామాటిపురలో పిల్లలకు కూడా తెలుసు. ఈ ఊరికి పునాదులు తవ్విన తాతల నాటి నుంచి వస్తున్న పద్ధతి. పని ఎక్కడైనా సరే, ఆ నేల మన్నే తట్టలో నింపి, పసుపు కుంకుమ చల్లి, గుంపును పనికి తీసుకుపోయే ముకద్దం ఇంటి పెద్దామె తన చేత్తో ఎత్తి, కూలి ఆడవాళ్లలో ముందు నడిచేదాని నెత్తిన పెట్టాలి. ఆమె ఎటు నడిస్తే మిగతా ఆడవాళ్లు మన్ను మోసే ఖాళీ ఘమేలాలతో ఆమె వెనకాలే నడవాలి. ఆ మన్ను కుమ్మరించేదాకా ఇంకెవరూ మన్ను ముట్టరు. అందరూ ఇనుప ఘమేలాలే మోస్తున్నా మొదటిది మాత్రం వెదురు తట్ట అయి తీరాలి. రత్నాబాయిది మంచి చేతివాసి అని పేరు. ఆమె ఎత్తిన పనిలో మట్టిపెళ్ల విరిగిపడి ఎవరూ పోలేదంటారు. భర్త పోయాక ముండమోసిన చెయ్యి పనికిరాదని కొందరు సణిగారు. ఆమెను పిలవకుండా మొదలుపెట్టిన ఒక పనిలో గోడ కూలేసరికి నోళ్లు మూసుకుని మళ్లీ ఆమె గుమ్మంలోకే వచ్చారు. ఆమె ఎత్తకపోతే శివరాం గుంపులో ఒక్క ఆడది కూడా మన్ను ముట్టదు. అది తల్లికీ తెలుసు, కొడుక్కీ తెలుసు. ఇప్పుడు వజ్రమ్మకు కూడా తెలిసింది.

మర్నాడు సాయంత్రం వసారాలో తిండికి కూర్చున్నవాళ్ల మధ్య అదే మాట. కబురు రొట్టెలకంటే ముందే అందరికీ చేరింది. పెంటయ్య గోడకు ఆనుకుని, ఉల్లిగడ్డ గుప్పిట్లో చితక్కొట్టి, తన పెండ్లాం భూదేవి పళ్లెంలో సగం వేశాడు. భూదేవి గుంపులో ముందు నడిచే మనిషి. బక్కగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది, మన్ను నింపిన ఘమేలా నెత్తిన పెట్టుకుని చేతులు వదిలేసి వెదురు నిచ్చెన ఎక్కుతుంది.

"బొగ్గు తియ్యొద్దంటున్నరట మీ ఆడబిడ్డ ఊరోళ్లు," అన్నాడు పెంటయ్య. "మరి గీ రొట్టెలు దేని మీద కాలుతున్నయ్ అవ్వా?"

వసారా అంతా నవ్వింది. రత్నాబాయికి నవ్వు రాలేదు. ఎర్రగా కాలుతున్న సిగిడిని చూస్తే ఒళ్లు మండింది. "బొగ్గు మీదనే. నేను కాదంటలేను. తింటవా లేదా?"

"తింట, తింట."

ఆ వరస చివర శంకర్రావు కూర్చుని ఉన్నాడు. మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువు చెప్పి రిటైరైన మనిషి, ఒంటరివాడు, ఆయన తిండి కూడా ఇక్కడే. ఆయన మరాఠీ పేపరు చదివి తెలుగులో చెప్తుంటే కూలీలు వింటారు. నచ్చితే వింటారు, లేకపోతే తమలో తాము మాట్లాడుకుంటారు. ఇవాళ విన్నారు.

"మనం బొగ్గు కాలిస్తే నల్లటి పొగ కనబడ్తది గద, అది దిగిపోతది," అన్నాడు శంకర్రావు. "కనబడని పొగ ఇంకోటి ఉంటది. అది పైకి పోయి ఆడనే ఉంటది. భూమికి గొంగడి కప్పినట్టు. లోపటి వేడి బయటికి పోదు. పెద్ద పెద్ద మిల్లులల్ల, కరెంటు కార్ఖానలల్ల దునియా మొత్తం బొగ్గు కాలుస్తున్నరు. ఏటేటా గొంగడి మందమైతున్నదంట."

"అయితే ఏమైతది?" అంది భూదేవి.

"వేడెక్కుతది. వానలు వేళ తప్పుతయ్. ఒక కాడ ఊళ్లు కొట్టుకపోతయ్, ఒక కాడ చినుకు పడదు."

భూదేవి తినడం ఆపింది. "పోయినేడు మా కాడ జొన్న ఏసినం గురూజీ. మొలిచింది, ఎండింది. అప్పోసప్పో చేసి మల్ల ఏసినం. గదీ ఎండింది. ఎడ్లను అమ్ముకొని వచ్చినం. అది గూడ ఈ పొగతోనేనా?"

శంకర్రావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. అవునంటే సులువుగా ఉండేది. "గట్లని నేను చెప్పలేను. ఒక్క ఏడు కరువు ఎందుకొచ్చిందో ఎవలు చెప్పలేరు. మా తాతల కాలంల గూడ కరువులుండె. కని గిట్లనే కాల్చుకుంట పోతే గసొంటి ఏండ్లు ఎక్కువైతయ్ అంటున్నరు."

"పైకి పోయిన పొగ దిగదా?"

"మన జల్మల దిగదు."

తలుపు దగ్గర కూర్చున్న వజ్రమ్మ మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని ఇదంతా వింది. "మా డేరాకు నాగపూర్ కెల్లి కాలేజి పిల్లలొచ్చి గిదే చెప్పిండ్రు," అంది. "మాకు సగం సమజ్ కాలే. చేను పోతదని కూసున్నోళ్లం మేము. మా చేను కిందికెల్లి తీసిన బొగ్గు ఎవలి చేన్లనో వాన లేకుండ చేస్తదని అన్నరు. ఇంటికి పోయినంక నాకు అన్నం సయించలే."

పెంటయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. "మాటలు బాగనే ఉన్నయ్ అక్కా. మంగళవారం లారీ ఎక్కకుంటే మేం తినేదేంది? ఈడ వాన కొట్టిందంటే పునాది పనులన్ని బంద్. ఊరికి పోదామంటే ఊర్ల ఏమున్నది?"

"నిన్ను తినొద్దంటలేను తమ్మీ. మాది నల్లరేగడి. వాన పడ్డదంటే ఎద్దు కాలే దిగబడ్తది, ఇంక మిషన్లేడ వస్తయ్. రోడ్డు పడకుంటే దసరా దాక చేన్లు మావే. విత్తనం పడితే పచ్చటి చేను తవ్వుడు ఆళ్లకు గూడ అంత సులువు కాదు. కోర్టుల గూడ జరంత వాయిద దొరుకుతది." గడ్డం పైకెత్తి, "మొగోళ్లంత డేరాల, సర్కారు కచేరీలల్ల తిరుగుతున్నరు," అంది. "విత్తనాలేసే చేతులే లేవు మా కాడ. దినాం అడ్డెడు జొన్నలు కొలిచి బువ్వ పెడ్తమన్నా మనిషి దొరుకుతలేడు."

పెంటయ్య చెయ్యి దులుపుకుని బీడీ వెతుక్కున్నాడు. రత్నాబాయి పళ్లేలు ఎత్తుతూ శివరాం గది లోపలే ఉండి అంతా విన్నాడని గమనించింది. వాడు బయటికి రాలేదు.

ఆదివారం పొద్దున శివరాం తల్లిని ఫాక్‌లాండ్ రోడ్ మీది బుట్టల దుకాణానికి తీసుకుపోయాడు. తట్ట తనే ఎంచాలి, అది కూడా ఆమె పనే. రత్నాబాయి రోడ్డు మీదే గొంతుక్కూర్చుని తట్టల అంచులు ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూసింది. బద్దలు పచ్చిగా ఉంటే మన్ను బరువుకు సాగుతాయి. మరీ ఎండితే పుటుక్కున విరుగుతాయి. ఇన్నేళ్లలో ఈ పని ఆమెను ఇంతగా చిరాకు పెట్టలేదు. ఒకటి బాగుందనుకుని పక్కన పెట్టింది, మళ్లీ తీసి కుప్పలో పారేసింది.

"సేటు ఆ జాగ మన్ను సంచిల తెప్పిస్తున్నడు," అన్నాడు శివరాం. "ఈడనే తట్ట ఎత్తిద్దాం."

"నేల కాడ ఎత్తాలెరా. గల్లీల ఎత్తుతరా ఎవలన్న?"

"ఆడ అత్తోళ్లు డేరా ఏసుకొని కూసున్నరు. నిన్ను ఆడికి తీస్కపోతే నీ కాళ్ల మీద పడ్తరు. నీ సంగతి నాకు ఎరికేనమ్మా. భూదేవి నెత్తికి ఈడ ఎత్తు. లారీ దిగంగనే ఆడ కుమ్మరిస్తది. మన్ను ఆడిదే గద, పద్ధతి తప్పలే."

తెలివి ఉంది వీడికి, అనుకుంది రత్నాబాయి. తండ్రికి ఇంత తెలివి లేదు. ఆ మాటకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"వద్దంటే ఏమైతది?" అంది తట్ట అంచు నొక్కుతూ.

శివరాం ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులు ముందుకు చాపాడు. గోళ్ల సందుల్లో గటారు నలుపు, ఎంత తోమినా పోనిది. "ఎన్నొద్దులు దిగాలె నేను గటార్లల్ల? నువ్వు చెప్పు. నేను పోకుంటే ఇంకో ముకద్దం పోతడు. రోడ్డు పడ్తది, గని తెరుస్తరు. నీ రొట్టెలకు బొగ్గు వస్తది. అత్త ఊరు ఎట్లయిన పోతది. నేను ఒక్కణ్ని ఈడనే ఉండిపోత, గంతే గద ఫరక్."

వెంటనే పక్కకు చూసి దుకాణం వాడితో హిందీలో బేరం మొదలుపెట్టాడు. రత్నాబాయికి కొడుకు మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఆ నల్ల గోళ్లు పట్టుకుని కూర్చోవాలనిపించింది. అవుననలేదు, కాదనలేదు. చేతికి వచ్చిన ఒక తట్ట తీసి చంకన పెట్టుకుంది. తట్ట కొన్నదంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాడు వాడు. అలా అనుకోనిచ్చినందుకు దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది.

సోమవారం ఊరి చేన్ల అర్జీ పట్టుకున్న వజ్రమ్మతో పాటు సర్కారు ఆఫీసుకు ఆమె కూడా వెళ్లింది. గదిలో కూర్చోలేకే వెళ్లింది. గేటు దగ్గర ఎండలో చాలాసేపు నిలబడ్డాక లోపలికి పోనిచ్చారు. లోపల బెంచీ మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాటాక ఒక ప్యూను వచ్చి సాహెబు ఊళ్ల దౌరాకు పోయారు, వచ్చేవారం రండి అన్నాడు. ఇది మూడోసారి. వజ్రమ్మ తగువు పడలేదు. కొంగు దులుపుకుని లేచింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "నేను రేపు పోత వదినె," అంది. "ఈడ కూసుంటే అయ్యేది లేదు. విత్తనాల పొద్దు."

"గట్లనే," అంది రత్నాబాయి.

అంతకుమించి వజ్రమ్మ ఏమీ అడగలేదు. తట్ట మాట ఎత్తనే లేదు. నా ఊరి మీద తట్ట ఎత్తకు వదినె అని ఒక్క మాట అని ఉంటే రత్నాబాయి కోపం తెచ్చుకునేది, నా కొడుకు బతకొద్దా అని గట్టిగా అడిగేది. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు ఈ మనిషి. ఊరికే బయటి బంగ్లాలు చూస్తూ కూర్చుంది. రత్నాబాయి సీటులో సర్దుకుని కూర్చుంది, మళ్లీ సర్దుకుంది. ఒళ్లంతా చెమట. వాన వస్తే బాగుండు, ఇప్పుడే ఈ నిమిషమే వచ్చి అన్నీ ఆగిపోతే బాగుండు అనుకుంది. మబ్బు మాత్రం సముద్రం మీదే నిలిచిపోయి ఉంది.

మంగళవారం పొద్దున్నే లారీ గల్లీ మొదట్లో వచ్చి ఆగింది. మగవాళ్లు పారలు, గడ్డపారలు, మూటలు లోపలికి విసిరి ఎక్కి కూర్చున్నారు. ఆడవాళ్లు ఘమేలాలు పట్టుకుని కింద నిలబడ్డారు. మొదటి తట్ట లేవకుండా వాళ్లు ఎక్కరు. చాల్ మెట్ల మీద, పైన కటకటాల దగ్గర చూసేవాళ్లు నిండిపోయారు. సేటు మనిషి ఒకడు డ్రైవరు పక్కన కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

శివరాం సంచి మూతి కోసి మన్ను గుమ్మరించాడు. నల్లటి మన్ను, సన్నగా, ఇక్కడి మొరానికి ఏమాత్రం పోలిక లేనిది. రత్నాబాయి పసుపు గిన్నెతో వచ్చి కూర్చుంది. ముందు మూడు దోసిళ్లు చేత్తో వేసింది, తర్వాత పారతో నింపింది. పసుపు చల్లింది, కుంకుమ చల్లింది. భూదేవి చుట్టబట్ట నెత్తిన పెట్టుకుని ఎదుట వంగి నిలబడింది. వజ్రమ్మ ఊరికి పోయే సంచి చంకన పెట్టుకుని గోడ పక్కన ఉంది. ఆమె రత్నాబాయిని చూడటం లేదు. మన్నును చూస్తోంది, ఆసుపత్రిలో పడుకున్న సొంత మనిషిని చూసినట్టు.

రత్నాబాయి రెండు చేతులతో తట్ట అంచు పట్టుకుంది. లేపాలి. భూదేవి మెడ వంచుకుని ఎదురు చూస్తోంది.

"లేపు అమ్మా," అన్నాడు శివరాం మెల్లగా.

"నడుము పట్టేసిందా ఏంది?" అని ఎవరో అన్నారు.

"నడుము మంచిగనే ఉన్నది," అంది రత్నాబాయి. తట్ట వదిలేసింది. "నేను ఎత్తను."

శివరాం ముఖం చూడలేకపోయింది. చూడకపోయినా తెలుస్తూనే ఉంది. "గిందరి ముంగట గిట్ల చేస్తవా?" అన్న వాడి మాటకు ఆమె తల వంచుకుంది. కొడుకు పరువు తీశాను అనుకుంది. అయినా లోపలెక్కడో కాస్త గర్వం కూడా కదిలింది. తన చెయ్యి లేవకపోతే లారీ లేవదు, ఆ రోడ్డు పడదు, తనొక్కతే ఆపింది. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు.

"నువ్వు ఎత్తకుంటే మేం పస్తుండాల్నా అవ్వా?" అన్నాడు పెంటయ్య లారీ మీది నుంచి. అతని గొంతులో వెటకారం లేదు. మిగతావాళ్లు కూడా గొణిగారు. నిన్నటిదాకా ఆమె చేతి రొట్టె తిన్నవాళ్లే.

"జర జరుగు అవ్వా," అంది భూదేవి.

ఆమె కింద కూర్చుని తట్టలో మన్ను చేత్తో సరిచేసింది. నింపడంలో కుప్ప ఒక పక్కకు ఒరిగి ఉంది. మన్నులో వేళ్లు పెట్టి ఆగింది. ఏదో లాగింది. పిడికెడు వేర్లు, వాటికి అంటుకుని జానెడు ఎండు మోడు. వేళ్లతో నలిపి మన్ను రాల్చి చూసింది.

"జొన్న కొయ్యకాలు," అంది. "పోయిన పంటదే." తలెత్తి శివరాంను చూసింది. "పడావు అన్నరు గద?"

శివరాం లారీ ముందున్న సేటు మనిషి కేసి చూశాడు.

"ఎవలి చేను అక్కా?" అని వజ్రమ్మను అడిగింది.

"రోడ్డుకు గుర్తులు పెట్టింది మా తోడికోడలి చేన్ల. దాంట్లదే అయి ఉంటది."

భూదేవి ఆ వేర్ల కుచ్చును పారేయలేదు. జాగ్రత్తగా మళ్లీ తట్టలో పెట్టింది. చుట్టబట్ట సవరించుకుని, మోకాలి మీదికి ఒకసారి, భుజం మీదికి ఒకసారి తట్టను లేపి తన నెత్తిన తానే పెట్టుకుంది. పద్ధతిలో అలా లేదు. అయినా ఎవరూ కాదనలేదు. తట్ట లేచిందంటే లేచిందే. శివరాం గట్టిగా ఊపిరి వదిలాడు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

రత్నాబాయి కూర్చున్నచోటనే కూర్చుండిపోయింది. ఇంతేనా అనిపించింది. ఇన్నేళ్లు చేతివాసి, చేతివాసి అని గల్లీ అంతా మోసింది దీన్నేనా. ఒక బక్కపల్చటి మనిషి జరుగవ్వా అని పక్కకు నెట్టి తనే ఎత్తుకుపోయింది. అటు కొడుకు పోయాడు, ఇటు ఆడబిడ్డ ఊరూ నిలవలేదు.

భూదేవి నడిచింది. ఆమె వెనక ఘమేలాలతో ఆడవాళ్లు వరసగా నడిచారు. లారీ వెనక తలుపు తెరిచి ఉంది. భూదేవి దాని పక్కనుంచి నడిచింది. ఆగలేదు. లారీ దాటింది.

"ఏయ్, ఈడ," అని పెంటయ్య పైనుంచి వంగి అరిచాడు. "ఎటు పోతున్నవ్?"

నెత్తిన తట్ట ఉంటే తల తిప్పలేరు. భూదేవి మనిషంతా అతని వైపు తిరిగింది. "మొదటి తట్ట ఏడ బోస్తే పని ఆడ. ఈ మన్ను ఏ చేన్ల కెల్లి తెచ్చిండ్రో ఆ చేన్ల బోస్త. విత్తనాలేసే పని ఉన్నదన్నది గద అక్క."

"లారీ గూడ ఆ ఊరికే గదనే పోయేది. పిచ్చి లేసిందా?"

"లారీ ఎక్కితే రోడ్డు పనికి పోయినట్టు. నేను పోను, అక్కతోని రైలుకు పోత."

"అడ్డెడు జొన్నలకు పోతవా?"

"బువ్వ పెడ్తరు." భూదేవి గొంతు పెద్దది చేయలేదు. "మన వాన పోయింది. ఇంకోల్ల వాన పోగొట్టనీకి నేను మన్ను మొయ్యను."

ఆమె మళ్లీ తిరిగి నడిచింది. వెనక ఆడవాళ్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. ఒకామెకు భయంతో నవ్వొచ్చింది. ఇద్దరు మాత్రం ఘమేలాలు కింద పెట్టి లారీ పక్కకు జరిగారు. మిగతావాళ్ల కాళ్లు ముందుకే పడ్డాయి. మొదటి తట్ట ఒక దిక్కు పోతుంటే ఇంకో దిక్కు నడవడం వాళ్లెవరికీ అలవాటు లేదు.

శివరాం పరిగెత్తాడు. అందరినీ దాటుకుని పోయి భూదేవికి ఎదురుగా చేతులు చాపి నిలబడ్డాడు. ఆమె అదే నడకతో వచ్చింది. తట్ట దగ్గరికి వచ్చేసరికి శివరాం చప్పున పక్కకు తప్పుకున్నాడు. మొదటి తట్టకు ఎదురు రాకూడదని ఊహ తెలిసిననాటి నుంచి నేర్చిన కాళ్లవి, వాడు చెప్పకముందే తప్పుకున్నాయి. ఆమె దాటిపోయింది, వరసంతా దాటిపోయింది, వజ్రమ్మ పరుగులాంటి నడకతో వాళ్లను కలుసుకుంది. శివరాం ఇంకా ఆ పక్కనే నిలబడి తన కాళ్లకేసి చూసుకుంటున్నాడు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. తవ్వేవాళ్లున్నారు, మోసేవాళ్లు ఇద్దరే మిగిలారు. సేటు మనిషి కిందికి దిగి హిందీలో తిట్లు మొదలుపెట్టాడు. పెంటయ్య లారీ అంచున కూర్చుని, దిగాలో ఉండాలో తేలక, పెండ్లాం పోయిన దిక్కే చూస్తున్నాడు.

రత్నాబాయి మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. కింద పెట్టిన ఘమేలాల్లో ఒకటి తీసుకుని కొడుకు దగ్గరికి వచ్చింది. వాణ్ని ముట్టుకోవాలనుకుంది. వాడు ముట్టుకోనిచ్చేట్టు లేడు.

"నువ్వేడికి?" అన్నాడు శివరాం. "నువ్వు గూడనా?"

నీ మీద కోపంతో కాదు అని చెప్పాలి, నీ గోళ్లు చూస్తే నాకు ఏడుపొస్తుందని చెప్పాలి. నోట్లోంచి వచ్చింది వేరు. "సిగిడి మీద పప్పున్నది. అడుగంటకముందే దించు. లారీల ఉన్నోళ్లకు పెట్టు. నువ్వు గూడ తిను."

ముకద్దం బిడ్డ, ముకద్దం పెండ్లాం, ముకద్దం తల్లి. ఆ వరసలో ఆమె ఏనాడూ నడిచింది లేదు. తట్ట ఎత్తి పెట్టడమే తెలుసు, వెనకాల నడవడం తెలియదు. చివరనున్న ఆడమనిషి అడుగు ఎలా పడుతోందో చూసి తన అడుగు వేసుకుంటూ గ్రాంట్ రోడ్ స్టేషన్ వైపు నడిచింది.